ట్రయాజ్ అంటే ఏరడమే

కరోనా వార్డులు మూసేసిన మరుసటి ఏడాది, మామిడి సీజను. చిత్తూరులో ఒక ఆస్పత్రి క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. అంతకు వారం ముందే మాకు ట్రయాజ్ మీద శిక్షణ ఇచ్చారు. గాయపడినవాళ్లు గుంపుగా వస్తే ఎవరిని ముందు చూడాలో తేల్చడమే ట్రయాజ్. ప్రాణం మీదికి వచ్చినవాళ్లకు ఎర్ర చీటీ, కాస్త ఆగగలిగినవాళ్లకు పసుపు, నడవగలిగినవాళ్లకు ఆకుపచ్చ.

ఆ మాట ఫ్రెంచి భాషదట. అసలు అర్థం ఏరడం. ఉన్నినీ కాఫీ గింజల్నీ రకాలుగా ఏరే పనికి వాడేవాళ్లట. తర్వాత యుద్ధాల్లో గాయపడ్డ సైనికుల్ని అలాగే ఏరాల్సివచ్చి, మాట వైద్యంలోకి వచ్చింది. గింజల మాట మనుషులకెలా అంటుకుందో అని ముచ్చటపడి నోట్సులో రాసుకున్నాను. అర్థం తెలిస్తే పని వచ్చేసినట్టే అనుకున్నాను, నా మొహం!

ఆ పొద్దున బంగారుపాళ్యం దగ్గర ఆటో బోల్తాపడి, మామిడి జ్యూస్ ఫ్యాక్టరీకి పోయే ఆడవాళ్లు ఏడుగురు వచ్చారు. ఏడుపులు, రక్తం. వాళ్లలో మునెమ్మ అనే యాభై ఏళ్లావిడ తన కాళ్లమీద తానే నడిచివచ్చింది. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. ఆకుపచ్చ చీటీ కట్టి బెంచీ మీద కూర్చోబెట్టి, అరిచేవాళ్ల దగ్గరికి పరుగెత్తాను.

కాసేపటికి ఆమె కోడలు రేవతి, విరిగిన చెయ్యి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"సిస్టరమ్మా, మా అత్తను ఇంకోసారి సూడండి. ఉలుకూ పలుకూ లేకుండా ఉండాది. ఆయమ్మ అట్లుండే మనిషి కాదు."

"నడిచొచ్చింది కదమ్మా, ఏం కాలేదులే" అని విసుక్కున్నాను.

"నడిచినాది నిజమే. మేము ఫ్యాక్టరీలో కాయలు ఏరేటోళ్లం. ఒకసారి సూసిన కాయనే బెల్టు మీద మళ్లా సూస్తాము. బయటికి బాగుండే కాయ లోపల సెడిపోయింటాది. వొత్తి సూస్తే గాని తెలవదు."

చేతిలో పని వదిలేశాను. పోయి మునెమ్మ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, చెమటతో తడిసిపోయి ఉంది. నాడి సరిగా అందలేదు. కడుపు నొక్కితే బల్లలా గట్టిగా ఉంది. బీపీ పడిపోయింది. ఆ చీటీ పీకేసి ఎర్రది కట్టి డాక్టరును కేకేశాను. దేవుడా, ఈమె పోతే నేనే చంపినట్టు కదా అనుకున్నాను. కడుపులో ఎడమపక్క ఉండే ప్లీహం చిట్లి లోపల రక్తం కారుతోందని చెప్పి డాక్టరు వెంటనే ఆపరేషనుకు తీసుకెళ్లారు. థియేటరు తలుపు తెరుచుకునేదాకా నేను రేవతి మొహంలోకి చూడలేకపోయాను.

మునెమ్మ బతికింది. నాలుగో రోజు కట్టు మారుస్తూ కోప్పడ్డాను. "నొప్పిగా ఉందని ఒక్క మాట అనుంటే ఏం పోయేది?"

"నొప్పిగానే ఉండింది సిస్టరమ్మా. ఆ బిడ్డలు రక్తాలు కార్తా అరస్తా ఉంటే, ముందు వాళ్లను సూడనీలే అని ఊరకుంటి."

నాకు ఏడుపొచ్చేసింది. అప్పటినుంచి ఆకుపచ్చ చీటీ కట్టినవాళ్ల దగ్గరికి మళ్లీ మళ్లీ పోయి, నేనే నాడి పట్టి చూస్తాను. ఎవరైనా "నాకేం లేదమ్మా, ముందు వాళ్లను చూడు" అంటే మాత్రం, ఇప్పటికీ భయంతో నా ఒళ్లు జలదరిస్తుంది.