చాంతాడు మావయ్య

మా మావయ్యకు ఒకటి, రెండు, మూడు అంటే పడదు. లెక్కలు రాక కాదు, ప్రోగ్రాములు రాయడమే ఆయన ఉద్యోగం. కానీ దేనికైనా నంబరు వరసగా ఇమ్మంటే ఒళ్ళు మండుతుంది. అంకెలూ అక్షరాలూ కలగలిపి చాంతాడంత నంబరొకటి కంప్యూటరు చేత పుట్టిస్తాడు. అలాంటిది లోకంలో ఇంకెక్కడా పుట్టదట.

ఆఫీసుతో ఆగితే బాగుండేది. ఇంట్లో గొడుగుకు ఒక చాంతాడు అంటించాడు, స్టూలుకు ఒకటి, గరిటెకు ఒకటి. అమ్మ నెత్తి కొట్టుకునేది.

"ఒరేయ్, ఉన్నదే ఒక్క గొడుగు. దానికింత పొడుగు నంబరెందుకురా?"

"రేపు ఇంకోటి కొంటే, అక్కా?"

"ఒకటి, రెండు అనుకుంటాం."

"అదుగో, అదే వద్దంటున్నా."

ఆఫీసులో మేనేజరు కూడా విసుక్కున్నాడట, ఉన్న నాలుగు ప్రింటర్లకూ ఇదేం గోలయ్యా అని. "పాతది పోతే దాని నంబరు కొత్తదానికిస్తారు సార్. దాని తప్పులన్నీ దీని నెత్తిన పడతాయి, పాపం" అన్నాడట మావయ్య. ప్రింటరును చూసి జాలిపడే మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

నేనూ అక్కా కవలలం. అది కాస్త ముందు పుట్టింది. అంతే, ఇంటిల్లిపాదికీ నేను 'రెండోది' అయిపోయాను. బళ్ళో వేసినప్పుడు గుమాస్తా మా వివరాలు కంప్యూటరులో ఎక్కించాడు. ఇంటిపేరూ పుట్టిన తేదీ కలిపితే నంబరు తయారయ్యే ఏర్పాటది. అక్కది ఎక్కింది. నాది కొట్టగానే, ఈ పిల్ల ఇప్పటికే ఉంది పొమ్మంది.

"ఏముందండీ, అక్క నంబరు పక్కన రెండు అని వేసేస్తా" అన్నాడు గుమాస్తా.

నాకు ఏడుపు ఆగలేదు. ఇంటికొచ్చి గుమ్మం పట్టుకుని కూర్చున్నాను. బళ్ళో కూడా రెండోదాన్నే అయితే ఆ బడి నాకొద్దన్నాను. అమ్మ బతిమాలింది, నాన్న కసిరాడు. నేను కదల్లేదు.

మావయ్య ఆఫీసుకు సెలవు పెట్టి బడికి వెళ్ళాడు. గుమాస్తాను మంచి చేసుకుని, పక్కన కూర్చుని ఆ ఏర్పాటంతా మార్చేశాడు. సాయంత్రం మా ఇద్దరికీ కొత్త కార్డులు తెచ్చాడు. రెండూ చాంతాళ్ళే.

"మావయ్యా, ఇందులో నేను ఎన్నోదాన్ని?"

"నువ్వే చూసి చెప్పు."

ఎంత చూసినా తెలియలేదు.

"ఇందులో ముందూ వెనకా ఉండవమ్మా. ఎవరికి వాళ్ళే" అన్నాడు.

"నిన్ను అందరూ రెండోది అనడం మొదలెట్టాకే వీడికి ఈ పిచ్చి పట్టింది" అంది అమ్మ, కళ్ళొత్తుకుంటూ.

నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అక్క మాత్రం తన కార్డు తిప్పి తిప్పి చూసుకుని బావురుమంది.

"నా ఒకటి ఏదీ?"

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి దాన్ని నేను ఓదార్చాను.