చెవిటి మారాజు కాయ

బోర్డు రాసే అతను నిచ్చెనెక్కి, బ్రష్షు రంగులో ముంచి, "ఏం రాయమంటారమ్మా?" అన్నాడు.

"తేనె పుచ్చకాయలు అని రాయన్నా," అంది కూతురు.

తండ్రి కొట్టు లోపల కాయలు ఏరుతున్నాడు. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఆయనకు రెండు చెవులూ పోయాయి. అందరూ పుచ్చకాయను తట్టి చప్పుడు వింటారు. ఆయన దాన్ని దవడ ఎముకకు ఆనించుకుని వేలితో తడతాడు. లోపలి అదురు ఎముకకు తెలుస్తుంది. పచ్చిదైతే గట్టిగా పొడుస్తుంది, పండినదైతే మెత్తగా పాకుతుంది. అలా ఆయన ఏరి పక్కన పెట్టినవాటినే బజారంతా 'చెవిటి మారాజు కాయలు' అంటుంది.

ఆ పేరంటే కూతురికి ఒళ్లు మంట. బడిలో ఆ పేరు పెట్టి ఏడిపించిన పిల్ల జుట్టు పట్టుకుని టీచరు చేత తన్నులు కూడా తింది. ఇప్పుడు కొట్టు తన చేతికొచ్చింది. అన్నిటికంటే ముందు ఆ పేరు వదిలించుకోవాలనుకుంది.

తండ్రి బయటికొచ్చి తలెత్తాడు. బోర్డు మీద 'తేనె' వరకు పడింది.

"తేనేంటమ్మా? మనం తేనె ఎప్పుడమ్మాం?" అన్నాడు. తన గొంతు తనకు వినపడదు కనుక వీధంతా వినపడింది.

కూతురు ఆయనకెదురుగా నిలబడి, పెదవులు పోల్చుకునేలా నెమ్మదిగా చెప్పింది. "నిన్ను ఎగతాళి చేసి పెట్టిన పేరు నాన్నా. నాకొద్దు."

"ఎగతాళా! పెట్టింది మీ అమ్మే పిచ్చిదానా." ఆయన నవ్వాడు. "పెళ్లైన కొత్తలో, ఇక్కడే. కాయ దవడకి ఆనించుకుంటే చూసి, 'దాంతోనేనా గుసగుసలు? నాతో కూడా రెండు మాటలు చెప్పొచ్చుగా, నా చెవిటి మారాజా' అంది. బేరమాడుతున్నావిడ పడీ పడీ నవ్వి, 'ఆ మారాజు ఏరిందే ఇవ్వమ్మా' అంది. ఇక అంటుకుపోయింది."

కూతురు తలెత్తి బోర్డు వైపు చూసింది.

"మీ అమ్మ గొంతెలా ఉండేదో నాకు తెలీదే," అన్నాడు, మెల్లగా అంటున్నాననుకుంటూ. "ఆ మాటకి మూతెలా పెట్టేదో తెలుసు. ఆ పేరు పెట్టి గిరాకీని పిలుస్తుంటే పని మానేసి చూసేవాణ్ణి."

"రంగు ఆరిపోతోందమ్మా," అన్నాడు నిచ్చెన మీది మనిషి.

"తుడిచెయ్యన్నా. పాత పేరే రాయి."

"ముందే చెప్పొచ్చుగా తల్లీ!"

"టీ తెప్పిస్తాలే."

కూతురు వీధి వైపు తిరగబోయి ఆగింది. తండ్రికి మొహం కనపడేలా నిలబడి కేకేసింది.

"రండమ్మా, చెవిటి మారాజు కాయ!"

ఆయన కాయ దవడకి ఆనించుకున్నాడు గానీ తట్టడం మరిచిపోయాడు.

"మూతి ఇంకాస్త ముందుకి రావాలే," అన్నాడు. "మళ్లీ అను."