నిచ్చెన వరసలో ఆరు గడులు

మా తాత ఇస్తారికి కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. టీలో చక్కెర ఒక పలుకు తగ్గినా వస్తుంది, ఎక్కువైనా వస్తుంది. నలభై ఏళ్లు ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల గోడల మీద రాతలు రాసి, బొమ్మలు వేసి బతికిన మనిషి. సిమెంటు, ఎరువులు, విత్తనాలు, ఓట్లు, అన్నీ ఆయన బ్రష్షు కిందికి వచ్చినవే. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. ఆయన నిచ్చెన ఇంటి వెనక రేకుల షెడ్డుకు ఆనుకుని నిలబడిపోయింది. దాని మీద ఇప్పుడు అమ్మమ్మ చీరలు ఆరేస్తుంది. ఆ చీరలు చూసినా ఆయనకు కోపమే.

కానీ మొన్నటి ఎండాకాలం వచ్చిన కోపానికి కారణం ఒక పుస్తకం.

మా అమ్మ మనోజ మీర్‌పేట్‌లో ఒక బడిలో లెక్కలు చెబుతుంది. ఆదివారం తల్లిగారింటికి వచ్చినప్పుడు, ఊరికే కూర్చుని గొణిగే తండ్రి చేతిలో ఏదో ఒకటి పెడదామని బడి లైబ్రరీలోంచి ఒక బొమ్మల పుస్తకం తెచ్చింది. సెలూన్ నడుపుకునే ఒకాయన తన బతుకంతా తానే గీసుకున్న పుస్తకం అది. పేజీకి ఆరు గడులు, గడికో బొమ్మ, బొమ్మకు రెండు ముక్కల మాట. పిల్లలకు రాసింది కాదు. అందులో ఆకలి ఉంది, తండ్రి చావు ఉంది, ఆయన చేసిన తప్పులు కూడా ఉన్నాయి.

తాత కళ్లద్దాలు తుడుచుకుని మొదలుపెట్టాడు. ఒక్కో బొమ్మ మీద వేలు పెట్టి, "ఈడ చెయ్యి వణికింది" అనో, "చెవి మంచిగ పెట్టిండు" అనో తీర్పు చెప్పాడు. నాలుగో పేజీకల్లా ముఖం మాడిపోయింది.

"మనోజా, ఈ సెలూనాయనకు మతి ఉన్నదా? ఈ పక్క కిందికి దిగేసరికి తండ్రి సచ్చిపోయిండు, పాడె కట్టిన్రు. ఆ పక్క మీదికి పోతే గాయినే కూసొని పెండ్లి బువ్వ తింటుండు."

"బాపు, అడ్డంగ చదవాలె. ఈ గడి, దాని పక్క గడి. అటెంక కింది వరస."

"అడ్డంగ ఎట్ల పోతరు? నిచ్చెన ఒక్కతాన పెట్టినంక మీదికెళ్లి కిందిదాంక పని చేసుకుంట దిగుతరు. అటెంక నిచ్చెన జరుపుతరు. గడి గడికి నిచ్చెన జరిపితే ఎన్నడు ఒడవాలె పని?"

"పుస్తకానికి నిచ్చెన ఉండది బాపు."

"గందుకే గిట్ల ఏడ్సింది పుస్తకం."

ఆయన వాదనలో నిజం లేకపోలేదు. చిన్న ఫోటో మీద గడులు కొట్టి, గోడ మీద అవే గడులు సుద్దముక్కతో పెద్దగా కొట్టి, ఒక్కో గడిని పెంచుకుంటూ బొమ్మ దింపడం ఆయన పని. నలభై ఏళ్లు ఆయన కన్ను పైనుంచి కిందికే దిగింది. దాన్ని ఇప్పుడు పక్కకు తిప్పమంటే తిరగదు.

అలా తిట్టుకుంటూనే పుస్తకం పూర్తి చేశాడు. మరుసటి ఆదివారం బిడ్డ సంచి తానే వెతికి, "ఇంకోటి తేలేదా?" అన్నాడు. ఒక నర్సమ్మ గీసుకున్న జీవితం వచ్చింది. చేపలు పట్టే ఒకాయనది వచ్చింది. వానలు పడేసరికి అయిదు పుస్తకాలు చదివాడు, అయిదూ నిచ్చెన వరసలోనే. చచ్చినవాళ్లు లేచి కూర్చున్నారు, ముసలివాళ్లు ఉయ్యాలలోకి వెళ్లి పాలు తాగారు. ప్రతి పుస్తకాన్నీ తిట్టాడు. ఒక్కటీ సగంలో వదల్లేదు.

సెలూనాయన పుస్తకంలో ఒక పేజీని మాత్రం మళ్లీ మళ్లీ తీసేవాడు. ఏళ్ల తరబడి తన మాట నమ్మని తమ్ముడికి ఆయన జరిగింది బొమ్మలు గీసి చూపిస్తాడు. ఆ తమ్ముడు చూసి, వచ్చి అన్న పక్కన కూర్చుంటాడు. ఆ పేజీ దగ్గర తాత చూపు పుస్తకం దాటి అమ్మమ్మ మీదికి వెళ్లేది.

ఆయన మాట నమ్మని మనిషి ఆమే మరి. పేరు మారెమ్మ. పెళ్లయిన నాటి నుంచి మోకాళ్లు అరిగేదాకా మేస్త్రీల దగ్గర ఇటుకలు మోసింది. గొడవ మా అమ్మ పుట్టిన రోజు నాటిది. ముప్పై ఆరేళ్ల కింద అమ్మమ్మ ఇబ్రహీంపట్నం దవాఖానలో పురిటికి చేరినప్పుడు, తాత తుక్కుగూడలో విత్తనాల కంపెనీ గోడ వేస్తున్నాడు. ఆయన ఆమెకు కనబడింది మర్నాడు పొద్దెక్కాక, కల్లు వాసనతో. "బిడ్డ పుట్టిందంటే ఈయనకు కల్లు దుకాణం యాదికొచ్చింది" అని ఆమె ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతుంది. తాత చెప్పేది వేరు. అదే సాయంత్రం వచ్చి వార్డు గుమ్మంలోంచి చూశాడట, అప్పటికి ఆమె నిద్రపోతోందట, తాగింది ఆ తర్వాతేనట. ఎన్నిసార్లు చెప్పినా అమ్మమ్మ "అవ్ అవ్" అంటూ బియ్యంలో రాళ్లు ఏరుకుంటుంది.

సాక్ష్యానికి ఆమె తమ్ముడు జైపాల్ ఉన్నాడు గానీ, ఉండీ లాభం లేదు. సైకిల్ మీద తుక్కుగూడ పోయి కబురు చెప్పింది ఆయనే. ఆ సైకిల్ లాక్కుని తాత వెళ్లిపోతే, నిచ్చెనకూ రంగు డబ్బాలకూ కాపలాగా అక్కడే ఉండిపోయాడు. "బావ సైకిలెక్కి పోయిండు. ఎటు పోయిండో నాకేమెరుక?" అంటాడు.

తాత డ్రాయింగ్ షీటు తెప్పించాడు. మూడు వరసలు, వరసకు రెండు, మొత్తం ఆరు గడులు కొట్టాడు. గడులకు పది నిమిషాలు, బొమ్మలకు పదకొండు రోజులు పట్టింది. మూరెడు చెవులు వేసిన చేతికి గోరంత చెవి రాదు. మనుషులంతా ఓట్లడిగే నాయకుల్లా నవ్వుతూ వచ్చారు. పురిటి మంచం మీది అమ్మమ్మ కూడా జనానికి దండం పెడుతున్నట్టు వచ్చింది. చింపాడు. మళ్లీ వేశాడు. పెన్సిల్ మొన విరిగిందని ఒకసారి, వీధిలో బస్సు హారన్ కొట్టిందని ఒకసారి ఇల్లంతా తిట్టాడు.

చివరికి ఆదివారం, బిడ్డ ఇంట్లో ఉండగా, షీటు తెచ్చి అమ్మమ్మ చేట మీద పెట్టాడు.

"సదువు."

ఎడమ పక్క పైనుంచి కిందికి మూడు బొమ్మలు. నిచ్చెన మీద తాత, కబురు చెబుతున్న జైపాల్, సైకిల్ తొక్కుతున్న తాత. కుడి పక్క పైనుంచి కిందికి ఇంకో మూడు. బిడ్డను పక్కలో వేసుకుని నిద్రపోతున్న అమ్మమ్మ, కల్లు దుకాణం, మర్నాడు వార్డులో ముక్కు మూసుకున్న అమ్మమ్మ. నిచ్చెన దిగినట్టు చదివితే నిజం బయటపడుతుంది.

అమ్మమ్మ వేలు అడ్డంగా పోయింది.

"గోడ కాడ నువ్వు. దవాఖానల నేను, ఒక్కదాన్నే. మంచిగ గీసినవ్." వేలు కింది వరసకు దిగింది. "మా జైపాల్ కబురు చెప్పిండు. నువ్వు పోయి కల్లు దుకాణంల కూసున్నవ్." ఇంకో వరస. "అటెంక సైకిలెక్కినవ్. నేను ముక్కు మూసుకున్న. చూసినవా మనోజా, ముప్పై ఆరేండ్లకు మీ బాపు నిజం ఒప్పుకున్నడు."

మా అమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. తాత మెడ నరాలు ఉబ్బాయి.

"గట్ల కాదే. మీదికెళ్లి కిందికి సదవాలె."

"వరస ఒడవకముందే ఇంకో వరస ఎవరన్న పెడతరా? గోడ నిలబడతదా?"

"ఇది ఇటుకల గోడ కాదు."

"నీ నిచ్చెన నిలబడ్డది మేం పెట్టిన ఇటుకలకే గద."

ఇటుకల లెక్కన కింది వరస నుంచి మొదలుపెట్టలేదు, అదొక్కటే నయం. తాత షీటు అందుకున్నాడు, చింపడానికే. అమ్మమ్మ వదల్లేదు. ఆమె కళ్లు కుడి పక్క పై గడి మీద ఆగాయి. నిద్రపోతున్న తన బొమ్మ మీద కాదు, దాని వెనక దర్వాజ మీద.

"ఇదేంది, పచ్చగ?"

"చెయ్యి."

"ఎవరి చెయ్యి?"

"నాదే. దవాఖాన ఊడ్సే ఆయమ్మ లోపలికి రానియ్యలే. దర్వాజ పట్టుకొని నిలబడి చూసిన. చేతులకు విత్తనాలోళ్ల రంగు ఉండె. పక్క గోడ సున్నానికి అంటింది."

అమ్మమ్మ షీటును కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. ఆ మర్నాడు తెల్లారగానే ఆయమ్మ చీపురు పట్టుకుని, కొత్త సున్నం మీద ఎవడో పచ్చ చెయ్యి వేసిపోయాడని వార్డంతా వినబడేలా తిట్టింది. మంచం మీద నుంచి అమ్మమ్మ ఆ అయిదు వేళ్లనూ చూసింది. ఎవరిదోలే అనుకుంది.

"గీ చెయ్యి సంగతి ఇన్నొద్దులు ఎందుకు చెప్పలే?"

"ఆయమ్మకు తెలిస్తే నాతోని మళ్ల సున్నం కొట్టిస్తదని అప్పుడు చెప్పలే. అటెంక నువ్వు అడగలే."

ఇక ఆమె ముఖం మెత్తబడుతుందని తాత ఎదురుచూశాడు. సెలూనాయన తమ్ముడిలా పక్కన కూర్చుంటుందేమోనని కొంచెం జరిగి చోటు కూడా ఇచ్చాడు.

"వచ్చినోనివి లేపకపోతివి?" అంది అమ్మమ్మ. "తెల్లారి నువ్వు వచ్చేదాంక గా చెయ్యినే చూసుకుంట, నా మొగడు రాలేదని ఏడ్సిన."

"పండుకున్నవ్ గదా అని లేపలే."

"లేపాలె."

పదకొండు రోజులు గీసి ఒక నింద పోగొట్టుకుంటే, ఒక్క మాటలో కొత్తది వచ్చి పడింది. దీనికి జవాబు గీయాలంటే ఎన్ని గడులు కావాలో తాతకు అంతుపట్టలేదు. సెలూనాయనను, ఆయన తమ్ముడిని, బడి లైబ్రరీని వరసపెట్టి తిట్టాడు.

అమ్మమ్మ బిడ్డ సంచిలోంచి పెన్సిల్ తీసింది. మూడో తరగతి దాకా నేర్చిన అంకెలతో గడుల మూలల్లో ఒత్తి రాసింది, తాత వరసలోనే. గోడకు ఒకటి, జైపాల్‌కు రెండు, సైకిల్‌కు మూడు, పచ్చ చెయ్యి ఉన్న గడికి నాలుగు. కల్లు దుకాణం దాటేసి, చివరి గడికి అయిదు వేసింది.

"దుకాణానికి అంకె ఏది?" అన్నాడు తాత.

"గది రోజూ ఉన్నదే. దానికి అంకె ఎందుకు?" అని చేట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది.