వదినగారి చేపపిల్లలు, మరిదిగారి అభ్యంతరం

ఎవరేమన్నా ముందు "కాదు" అనడం ఆయన అలవాటు. పాలవాడు "ఎండ మండిపోతోందండీ" అంటే, నుదుటి చెమట తుడుచుకుంటూనే "ఎక్కడ? చల్లగా ఉంటేనూ!" అనేవాడు. అందుకే వీధంతా ఆయన్ని కాదయ్య అనేది. "నా పేరు అది కాదు" అని దానికీ కాదనేవాడు.

ఈ కాదయ్యతో అందరికంటే ఎక్కువ వేగింది ఆయన వదినగారు. భర్త పోయాక ఆవిడ పెరటి రేకుల షెడ్డులో నీళ్ల తొట్లు కట్టించింది. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన చేపపిల్లల్ని వేలెడంత చేసి చెరువులవాళ్లకి అమ్మేది. ఆ తొట్లు చల్లగా ఉంటేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. షెడ్డులో ఆవిడ మాటే శాసనం. కోడలైతే అత్తగారు దగ్గినా ఉలిక్కిపడి చేతిలో జల్లెడ కింద పెట్టేసేది. కాదయ్య ఒక్కడే తొట్లలోకి గాలి ఊదే మోటారు పక్కన స్టూలేసుకుని కాలు మీద కాలేసుకునేవాడు.

"మరిదీ, ఈ తొట్లో నీళ్లు మార్చాలి."

"అక్కర్లేదు."

"సరే, మార్చను."

"ఎందుకు మార్చవు? కంపు కొట్టడంలా?"

ఒకరోజు మేత కొట్టాయన కొత్త సరుకు తెచ్చాడు. అంతదాకా పసి చేపపిల్లలకి పెట్టేది బతికున్న నీటిపురుగుల్ని. వాటిని డ్రమ్ముల్లో పెంచడం పెద్ద చాకిరీ. కొట్టాయన తెచ్చింది ఆవగింజలంత పొడి మేత.

"ఇదుంటే పురుగుల గోల ఉండదమ్మా. ఇవాళ్టినుంచి అన్ని తొట్లలోనూ ఇదే వేసేయండి" అంటూ గుప్పెడు చల్లాడు. పిల్లలు ఎగబడ్డాయి. వదినగారి మొహం వెలిగిపోయింది.

"ఇంకేం! డ్రమ్ములన్నీ కడిగి బోర్లించేద్దాం."

"వీల్లేదు" అన్నాడు కాదయ్య.

"మొదలెట్టావూ? ఎందుకట?"

"చెప్పను."

"చెప్పలేను అను."

"అలా కూడా అనను."

వదినగారికి ఒళ్లు మండింది. తొట్లన్నిటిలో కొత్త మేత చల్లించి, పైపు పట్టుకుని డ్రమ్ముల దగ్గరికి నడిచింది. కాదయ్య చటుక్కున ఒక డ్రమ్ము మూత మీదెక్కి కూర్చుని, రెండో దాన్ని కౌగిలించుకుని, మూడో దాని మీద కాళ్లు చాపాడు.

"కడగాలంటే నాతో కలిపి కడుక్కో!"

ఆవిడ అన్నంత పనీ చేసింది. ఆయన తల నుంచి పాదాల దాకా తడిశాడు గానీ కదల్లేదు. "తడిశావు, లేవయ్యా" అంటే, "ఎవరు తడిసింది?" అన్నాడు, చెవుల్లోంచి నీళ్లు కారుతుండగా. కంచంలో అన్నం పెట్టి పంపితే "నాకు ఆకలి లేదు" అన్నాడు. కంచం వెనక్కి పోతుంటే "లేదని ఎవరన్నారు?" అని లాక్కున్నాడు. ఆ పూటకి డ్రమ్ములు బతికిపోయాయి.

మర్నాడు పొద్దున్నే వదినగారు ఆయన చెయ్యి పట్టుకుని తొట్టి దగ్గరికి లాక్కొచ్చింది. "చూడు! పైన ఒక్క గింజ మిగిలిందేమో చూడు!"

"అడుగుకి చూడు" అన్నాడాయన.

ఆవిడ వంగి చూసింది. నానిన రవ్వలా అడుగంతా మేతే. నీళ్లు పులిసిన వాసన. పిల్లల పొట్టలు లోపలికి అంటుకుపోయాయి. ఇంకో చిటికెడు వేసి చూస్తే, గబుక్కున నోట పట్టి, తుపుక్కున ఉమ్మేస్తున్నాయి. డ్రమ్ములు కడిగేసి ఉంటే వాటికి పెట్టడానికి ఇంకేమీ ఉండేది కాదు. ఆవిడ పరుగున వెళ్లి పురుగుల్ని ముంచుకొచ్చి వేస్తే, పిల్లలు ఆవురావురుమని తిన్నాయి.

ఊపిరి తీసుకుని అడిగింది. "నీకెలా తెలిసిందయ్యా?"

"నాకేం తెలుసు? చేపకి తలెటో తోకెటో కూడా తెలీదు. కొట్టాయన మేత చల్లినప్పుడు నీ కోడలు నోరు తెరిచి, నీ మొహం చూసి మూసేసింది. అది మింగేసిన మాట నేను పైకి అనేశాను."

వదినగారు తిరిగి చూసింది. కోడలు కొంగు నలుపుకుంటూ, "అప్పుడు కూడా పట్టి వదిలేశాయత్తయ్యా. గింజ వాటి నోటికి పెద్దది. ఇంకా మెత్తగా జల్లించి, పురుగుల్లో కొద్దికొద్దిగా కలుపుతూ అలవాటు చేస్తే బాగుణ్ణు అనిపించింది" అంది.

వదినగారికి పాతవన్నీ గుర్తొచ్చాయి. కూతురికి నచ్చని సంబంధం ఖాయం చేస్తుంటే కాదన్నది ఈయనే. జ్వరంతో ఉన్న పనిమనిషిని రమ్మని కబురు పెడుతుంటే అడ్డం పడ్డదీ ఈయనే.

"మరి ఎండలో చల్లగా ఉందనడం దేనికయ్యా?"

"రోజూ కాదంటుంటేనే కదా వదినా, ఏ "కాదు" ఎవరిదో ఎవరూ వెతకరు! తిట్లు నాకు పడితే నష్టమేముంది? ఇప్పుడు మెప్పు వచ్చేలా ఉంది కాబట్టి కోడలి పేరు చెప్పాను."

వదినగారు కసురుకుందామనుకుని, నవ్వేసింది. కొత్త మేతని జల్లించే పని, ఎంత కలపాలో చెప్పే పని కోడలికే వదిలేసింది. పిల్లలు దిట్టంగా పెరిగాయి.

తర్వాతి విడత పిల్లలు తొట్లలోకి వచ్చినప్పుడు కాదయ్య హుషారుగా వచ్చాడు. "అమ్మాయ్, మేతలో కాస్త పంచదార కలుపు. పసివాళ్లు కదా, ఇష్టంగా తింటారు."

కోడలు జల్లెడ ఆపలేదు. అత్తగారి ఎదురుగానే, "కుదరదు చిన్నమామయ్యగారూ. నీళ్లు పాడైపోతాయి" అనేసింది.

ఆయన చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తి, సైకిల్ మీద పోతున్న దర్జీని ఆపాడు.

"విన్నావా! మా కోడలు నాకు ఎదురు చెప్పింది! మొహమ్మీదే!"

"అయ్యో, పోనీలెండి, చిన్నపిల్ల" అన్నాడు దర్జీ, ఓదార్పుగా.

"పోనీయడమేమిటయ్యా!" అన్నాడాయన, మొహం చాటంత చేసుకుని. "పద, పక్కింటివాళ్లకి కూడా చెప్పొద్దాం."