మావయ్య అంబాసిడర్

ఈ రోజు పాతపట్నంలో మా మేనమామ ఇంటికి వెళ్లాను. భోజనాలయ్యాక, ఇప్పటిదాకా వచ్చిన కార్లన్నిటిలో ఏది గొప్పదని నాకూ, ఆయన కొడుకు మా బావకూ వాదన మొదలైంది. వయసంతా అంబాసిడర్ టాక్సీ నడిపిన మావయ్య మమ్మల్ని మాట్లాడనిస్తేనా!

“అంబాసిడర్ ముందు మీ బళ్లేటిరా? ఈ సుట్టుపక్కల పెళ్లికూతుళ్లందర్నీ అత్తారింటికి దింపింది నేనే!”

టీ తెచ్చిన అత్తను అడిగాను. “నువ్వు సెప్పత్తా, ఏ కారు మంచిది?”

“నాకేటి తెలుస్తాది? ఆ బండి నేనెప్పుడెక్కాను?”

“కిరాయి బండే అది. ఊరికే తిప్పితే ఎలాగ?” అన్నాడు మావయ్య.

అత్త బావను చూపించింది. “ఈడి పురుటికి కూడా నొప్పుల్తో బస్సులోనే ఆస్పత్రికి ఎల్లాను. ఆ పూట నువ్వు పెళ్లి కిరాయికి పోనావు.”

అని లోపలికి వెళ్లిపోయింది.

మావయ్య మా వైపు తిరిగాడు. “సూసినార్రా, ఆ బండికి ఎంత గిరాకీయో!” అని పకపకా నవ్వాడు. బావ కూడా నవ్వాడు. నేను టీ తాగకుండానే లేచి వచ్చేశాను.

ఏ కారు గొప్పదో ఇక మీరే తేల్చుకోండి. మీ ఇంట్లో ఆ కారు ఎక్కనిదెవరో కూడా కింద కామెంట్లో రాయండి.