దెయ్యం పోస్టరుకి పిన్ని ఫోటో

మేం బాపట్లలో ఇంజనీరింగు చదివే ఆ రోజుల్లో మా క్లాసులో ఇంజనీరు అవుదామనుకున్నవాడు ఒక్కడూ లేడు. అందరం సినిమావాళ్ళమే. నలుగురు డైరెక్టర్లు, ఇద్దరు కెమెరామెన్లు, పాట పాడతామని బెదిరించేవాళ్ళు లెక్కలేనంతమంది. ఫోటో మీద నాలుగు అక్షరాలు వేసి, అంచులు నల్లగా చెయ్యడం వచ్చు కాబట్టి నన్ను డిజైనర్ అనేవాళ్ళు. తెనాలి నుంచి రోజూ రైల్లో వచ్చిపోయేవాణ్ణి. కిటికీ పక్కన సీటు దొరికితే చాలు, గోడల మీది సినిమా పోస్టర్లన్నిటికీ వంకలు పెట్టుకుంటూ, నా చేతికి ఒక్క సినిమా వస్తే పోస్టరంటే ఏంటో చూపిద్దును కదా అని నిట్టూర్చేవాణ్ణి. (అప్పటికి నేను చేసిన పనల్లా మా వీధి వినాయక చవితి ఫ్లెక్సీ ఒక్కటే. అందులో వినాయకుడి కంటే కమిటీ సభ్యులు పెద్దగా వచ్చారు.)

మూడో ఏడాదిలో ఆ అవకాశం వచ్చింది. మండుటెండలో కూడా మెడకి మఫ్లరు చుట్టుకుని తిరిగే మా మఫ్లర్ డైరెక్టరు ఇరవై నిమిషాల దెయ్యం సినిమా తీశాడు. హాస్టలు నీళ్ళ ట్యాంకెక్కి జుట్టు విరబోసుకుని కూర్చునే ఒకావిడ కథ. పేరు 'ట్యాంకు మీద ఆవిడ'. దెయ్యం వేషం కూడా వాడే కట్టాడు, తెల్లచీరలో, వీపు మాత్రం చూపిస్తూ. సినిమాకి వీపు సరిపోయింది గాని పోస్టరుకి మొహం కావాలి. మా క్లాసులో ఒకమ్మాయిని అడిగితే, "రేపు సంబంధాలు చూసేటప్పుడు ఈ ఫోటో బయటపడితే నువ్వు చేసుకుంటావా?" అంది. నేను ఆలోచించుకోవడానికి రెండు రోజులు గడువడిగేసరికి ఆ అమ్మాయి మళ్ళీ నాతో మాట్లాడలేదు.

అప్పుడు గుర్తొచ్చింది మా పిన్ని. అమ్మకి చెల్లెలు, తెనాలిలో మా పక్కవీధిలోనే ఉంటుంది. కొత్త పని ఏదైనా సరే ఆవిడకి ఉత్సాహమే. "దెయ్యమా, నేనా? ఎప్పుడు రెడీ అవ్వమంటావు రా?" అంది, వేరే ప్రశ్నే లేకుండా. అంతలోనే గొంతు తగ్గించింది. "ఒక్కటే మాట. రేపల్లెలో మాత్రం తెలియకూడదు." రేపల్లె ఆవిడ అత్తగారి ఊరు. అక్కడ తోడికోడలుంది, బాబాయికి వదినగారు. పెళ్ళిచూపులనాడు పిన్నిని ఎగాదిగా చూసి, "పిల్ల బాగానే ఉంది, పళ్ళే కాస్త ఎత్తు" అందట ఆవిడ. పాతికేళ్ళు దాటినా పిన్ని ఆ మాట మర్చిపోలేదు. "నా దెయ్యం ఫోటో ఆవిడ కంటబడిందనుకో, ఆ రోజు నేనన్నది నిజమే కదా అనుకుంటుంది. ఇంక ఆ గడప తొక్కలేను రా" అంది. బాపట్ల కాలేజీ గోడ దాటి ఒక్క పోస్టరు కూడా పోదని అమ్మ మీద ఒట్టేశాను.

మిట్టమధ్యాహ్నం వంటింటి కిటికీలు మూసి ఫోటోలు మొదలుపెట్టాం. మొహానికి బియ్యప్పిండి, కళ్ళ చుట్టూ కాటుక, పెదాల చివర కుంకుమ నీళ్ళు. బియ్యప్పిండి రాస్తే చర్మం నిగనిగలాడుతుందని పిన్ని మెడకి కూడా పట్టించుకుంది. అంతా బాగానే ఉంది గాని ఫోన్ ఎత్తగానే నవ్వేది. కోపంగా చూడమంటే నవ్వు, ఏడవమంటే నవ్వు, ఏమీ చెయ్యొద్దంటే ఇంకా పెద్ద నవ్వు. అరవై ఫోటోలు తీశాను. అరవైలోనూ ఆ దెయ్యం మనల్ని భోజనానికి పిలుస్తున్నట్టే ఉంది. ఇక లాభం లేదనుకుంటుండగా ముందు గదిలోంచి బాబాయి, "కాఫీ ఏదే?" అన్నాడు. అరగంటలో అది నాలుగోసారి. పిన్ని తల తిప్పి గుమ్మం వైపు ఒక్క చూపు చూసింది. నేను నొక్కేశాను. పాతికేళ్ళ కాపురం మొత్తం ఆ చూపులో ఉంది. కింద 'నిన్నే చూస్తోంది' అని ఎర్రటి అక్షరాలతో వేశాను. పళ్ళు కూడా అరంగుళం పెంచాను. (ఈ సంగతి పిన్నికి ఈనాటికీ తెలియదు. చదివేవాళ్ళు చెప్పకండి.)

నాలుగు ఫ్లెక్సీలు కొట్టించి కాలేజీ గేటు దగ్గర, క్యాంటీన్ దగ్గర కట్టి, ఎవరు జడుసుకుంటారా అని చెట్టు చాటున నిలబడ్డాను. ఒక్కరూ జడుసుకోలేదు. మా లెక్చరరుగారు కళ్ళజోడు సవరించుకుని, "ఈవిడకి రక్తం తక్కువగా ఉన్నట్టుందయ్యా" అన్నారు. సినిమా వేసిన రోజు హాలంతా నవ్వు. మఫ్లరు వాడు మూడు రోజులు మెస్సుకి రాలేదు. నేను ఫ్లెక్సీలు విప్పుతూ, డిజైనింగు మానేసి సప్లిమెంటరీలకి చదువుకుందామా అనుకుంటున్నాను. అప్పుడు క్యాంటీన్ పక్కన కొత్త బిల్డింగు కడుతున్న మేస్త్రి నా దగ్గరికొచ్చాడు.

"ఈ మొహం మీరే చేశారా బాబుగారూ?"

"నేనేనండి."

"ఎన్నో ఇళ్ళు కట్టానండి, ఎన్నో దిష్టిబొమ్మలు తగిలించాను. ఇంత చూపున్నది మాత్రం చూళ్ళేదండి. పొద్దున్నే పనిలోకి వస్తూ దీన్ని చూస్తే నాకే ఒళ్ళు జలదరిస్తోంది. ఒకటి ఇప్పిస్తారా?"

ఆ మాటకి నా కడుపు నిండిపోయింది. ఒట్టు గుర్తులేదు, పిన్ని గుర్తులేదు. అన్నిట్లోకీ రంగు బాగా వచ్చిన ఫ్లెక్సీ ఏరి, నా చేతులతోనే చుట్ట చుట్టి, తాడు కట్టి, ఆయన మోపెడ్ వెనక పెట్టాను. ఎక్కడ కడతారని మాటవరసకైనా అడగలేదు.

ఐదు నెలల తర్వాత రేపల్లెలో పిన్ని తోడికోడలు కట్టించుకున్న మేడకి గృహప్రవేశం. బాబాయి ముందురోజే వెళ్ళాడు. పిన్నికి తోడుగా నేను తెనాలిలో రైలెక్కాను. స్టేషన్లో దిగి నడుస్తూ ఆ వీధి మలుపు తిరిగామో లేదో, నా కాళ్ళు ఆగిపోయాయి. మేడ పిట్టగోడకి, గుమ్మడికాయ పక్కన, మా పిన్ని. సినిమా పేరు కత్తిరించేశారు. 'నిన్నే చూస్తోంది' మాత్రం ఉంచారు. "పిన్నీ, ఇటు సందులోంచి దగ్గరదారంట" అన్నాను. "ఈ ఊరికి కోడలిని నేనా, నువ్వా?" అంటూ పిన్ని తలెత్తింది. పట్టుచీర కొంగు భుజం చుట్టూ లాక్కుని అక్కడే నిలబడిపోయింది. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. షామియానా కింద బాబాయి తల పైకెత్తకుండా అరటాకులు తుడుస్తున్నాడు. ఆ చూపు ఆయన గుర్తుపట్టకపోవడమనేది జరిగే పని కాదు.

అంతలో తోడికోడలు ఎదురొచ్చింది. పిన్ని చూపు ఎటుందో గమనించి, తనే మొదలుపెట్టింది.

"దాన్నేనా చూస్తున్నావమ్మాయ్? మేస్త్రి బాపట్ల నుంచి తెచ్చాడు. అంతకుముందు స్లాబు వేద్దామంటే వాన, పనివాళ్ళకి జ్వరాలు. ఆవిణ్ణి కట్టిన దగ్గర్నుంచీ ఒక్కరోజు పని ఆగలేదనుకో. ఏ మహాతల్లో గాని, రోజూ పొద్దున్నే దణ్ణం పెట్టుకుంటున్నా."

"మరీ భయంగా ఉంది కదా అక్కయ్యా" అంది పిన్ని, మెల్లగా.

"భయమేంటి? చక్కటి మొహం. నా ఇల్లు తను చూసుకుంటున్నట్టు లేదూ?"

పిన్ని ఆ రోజంతా వచ్చినవాళ్ళకి విస్తళ్ళు వేసింది, తాంబూలాలు ఇచ్చింది, ఆ ఇంట్లో ఎప్పుడూ లేనంత చొరవగా తిరిగింది. నేను మాత్రం పులిహోర కూడా సరిగా తినలేదు. తిరుగు రైల్లో ధైర్యం చేసి, పళ్ళ సంగతి తప్ప జరిగిందంతా చెప్పేశాను, మేస్త్రి పొగడ్తతో సహా.

"పొగిడితే ఇచ్చేశావన్నమాట" అంది.

"తప్పయిపోయింది పిన్నీ."

"నేనూ అంతేలే రా. అక్కయ్య మహాతల్లి అంటుంటే, అది నేనేనని చెప్పెయ్యాలని నాలిక చివరిదాకా వచ్చింది."

"మరి చెప్పలేదేం?"

పిన్ని కిటికీలోంచి చేలవైపు చూస్తూ, "చెప్తే విప్పేస్తుంది కదా" అంది.

ఇప్పుడు తెనాలిలో నాకో చిన్న డిజైనింగ్ షాపుంది. పెళ్ళిపత్రికలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు చేస్తాను. వచ్చిన ప్రతివాళ్ళూ మొహం కాస్త తెల్లగా చెయ్యమంటారు, చేసిపెడతాను. బాగుందండి అంటే, సరేనండి, సాయంత్రం తీసుకెళ్ళండి అంటాను. ఒక మేస్త్రి మెచ్చుకుంటే పొంగిపోయి అమ్మ మీద వేసిన ఒట్టు కూడా మర్చిపోయిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. కాని ఒకరు బాగుందంటే అంతగా పొంగిపోవడం నేను ఎప్పుడు మానేశానో గుర్తులేదు. వాడు కనిపిస్తే ముందు ఆ సంగతి అడుగుతాను, చెవి సంగతి తర్వాత.