లాప్‌టాప్ నుదుటి బొట్టు

గుండుసూది మొనతో పైపైన గీకితే గంధం పెచ్చు ఊడి వచ్చింది. ఎండిపోయి, మధ్యలో కాస్త కుంకుమ ఎరుపుతో, ఆవగింజంత ఉంది. దాని కింద, లాప్‌టాప్ తెర పైపట్టీలో, సన్నని రంధ్రం కనిపించింది. మనం మాట్లాడేది లోపలికి పోయేది అందులోంచేనని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఆలోచించలేదు. రిపేరు షాపుకు ఇచ్చేముందు కాస్త తుడవమని నా భార్య అంటే తుడుస్తున్నాను. ఆమెను పిలిచాను. తెర ముందుకు వంగి "అ, ఆ" అంది. వారాల తరబడి చలనం లేకుండా పడివున్న, మైకుకు మాట అందితే కదిలే ఆకుపచ్చ గీత లేచి ఊగింది.

ఇద్దరం సంతోషించాల్సింది. అలిసిపోయి ఉన్నాం. ఆమె కుర్చీలో కూర్చుని, "ఇంతేనా?" అంది.

ఆమె బడిలో తెలుగు చెప్పి రిటైరైంది. ఆ తర్వాత శని, ఆదివారాల్లో బెంగుళూరు సర్జాపుర దారి అపార్ట్‌మెంట్ల పిల్లలకు వీడియోలో చదవడం, రాయడం నేర్పుతోంది. వాళ్ల అమ్మానాన్నలు ఆంధ్ర నుంచీ తెలంగాణ నుంచీ వచ్చినవాళ్లు. పిల్లలకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. గుప్పెడు మంది పిల్లలు. ఆమెకు మిగిలిన బడి అదొక్కటే.

లాప్‌టాప్ పాతది. అందులో ఉన్న సిస్టమ్‌కు ఇక అప్‌డేట్లు రావని తెర మీద హెచ్చరిక రావడం మొదలైంది. మహదేవపురలో ఉద్యోగం చేసే మా బామ్మర్ది దసరా సెలవులకు వచ్చి, "లినక్స్ వేస్తాను బావా. ఫ్రీ. పాత మిషన్ కూడా పరిగెత్తుతుంది" అన్నాడు. నిజంగానే పరిగెత్తింది. వైఫై మాత్రం దొరకలేదు. ఫోన్‌ను వైరుతో తగిలించి, ఆ నెట్‌తో ఏదో దించుకుని దాన్ని లేపాడు. స్పీకర్లు మూగబోతే వాటినీ పలికించాడు. మైకు సంగతి ఎవరూ చూడలేదు. ఆ సాయంత్రమే ఆయుధపూజ. స్కూటరుకు, మిక్సీకి, కుట్టుమిషనుకు పెట్టినట్టే నా భార్య లాప్‌టాప్‌కూ గంధం, కుంకుమ పెట్టింది. కెమెరాకు తగలకూడదని జాగ్రత్తపడి కాస్త పక్కకు పెట్టింది.

ఆ శనివారం క్లాసులో పిల్లలు ఆమె పెదవులు కదలడం చూశారు. మాట వినబడలేదు.

అప్పటినుంచీ తప్పంతా కొత్త సిస్టమ్‌దే అనుకున్నాం. బామ్మర్ది ఫోన్‌లో ఆదేశాలు చెబుతుంటే తెర మీది నల్లటి కిటికీలో నేను టైపు కొట్టేవాణ్ని. ఒక్క చుక్క తప్పితే మళ్లీ మొదటినుంచి. ఇంటర్నెట్‌లో ఇదే బాధ రాసుకున్న మనిషి ఒకడు దొరికాడు. కింద అతనే "సమస్య తీరింది, థ్యాంక్స్" అని రాసి వెళ్లిపోయాడు. ఎలా తీరిందో రాయలేదు. నేను పనిచేసిన దినపత్రిక డెస్కులో ఎవరైనా అలాంటి వార్త ఇచ్చుంటే వెనక్కి పంపేవాణ్ని.

నా భార్య ఓపిగ్గానే ఉండేది. ఒకరోజు మాత్రం ఫోన్ నా చేతిలోంచి తీసుకుంది. వాళ్లది తరాలుగా బెంగుళూరులో ఉన్న కుటుంబం. తమ్ముడితో మాట్లాడితే ఆ పాత యాస బయటికొస్తుంది.

"ఏమప్పా, ముందర బాగా మాట్లాడతా ఉండె గదా ఇది. ఫ్రీ అని చెప్పి దాని నోరు కుట్టేసినావే!"

"మైకు డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ప్రాబ్లమక్కా. ఇంకో వారం చూడు."

"నువ్వు వారం అంటావు. పిల్లోళ్లు వారమంతా కాసుకోని ఉంటారా?"

ఈలోగా ఆమె ఒక ఉపాయం చేసింది. ముఖం లాప్‌టాప్‌లో, గొంతు పక్కన పెట్టుకున్న ఫోన్‌లో. పెదవులు ముందు కదిలేవి, మాట తర్వాత వచ్చేది. కొన్నిసార్లు ఒకే మాట రెండుసార్లు వినబడేది. "టీచర్, మీ ఇంట్లో ఇంకో టీచర్ ఉన్నారా?" అని ఒక పాప అడిగింది. అందరూ నవ్వారు, ఆమె కూడా. గుణింతం చెబుతూ పెదవులు చూడమంటే మాత్రం పిల్లలు తికమకపడేవారు. ఒక అక్కాతమ్ముళ్ల తల్లి మెసేజ్ పెట్టింది: "ఆంటీ, ఆడియో సెట్ అయ్యాక చెప్పండి, జాయిన్ అవుతాం." ఆ తర్వాతే షాపుకు ఇద్దామనుకున్నాం.

గంధం ఊడిన సంగతి ఫోన్‌లో చెబితే బామ్మర్ది పెద్దగా నవ్వాడు.

"అది కాదు బావా. పొద్దున అప్‌డేట్ ఏమన్నా వచ్చిందా?"

వచ్చింది. నేనే నొక్కాను. అయ్యాక ఆపి మళ్లీ ఆన్ చేశాను కూడా.

"చూశారా. అందులో ఫిక్స్ చేసుంటారు."

"ఏదైతేనేమప్పా, నేను పెట్టిన బొట్టు మీద నింద వేయొద్దు" అని పక్కనుంచి నా భార్య.

రెండూ ఒకే పొద్దున జరిగాయి. ఏది నిజమో తేల్చాలంటే మళ్లీ గంధం పెట్టి చూడాలి. నేను గుండుసూదిని డబ్బాలో వేసి మూత పెట్టాను.

ఆ మధ్యాహ్నమే ఆమె ఆ అక్కాతమ్ముళ్ల తల్లికి మెసేజ్ పెట్టింది: "ఆడియో బాగైందమ్మా, పిల్లల్ని పంపండి." చదివినట్టు నీలం గుర్తులు పడ్డాయి. శనివారం క్లాసులో ఆమె మాట మొదటి అక్షరం నుంచీ అందరికీ వినబడింది. ఆ అక్కాతమ్ముళ్లు రాలేదు. ఆదివారమూ రాలేదు. మెసేజ్‌కు జవాబు ఇంకా లేదు.